అమ్మతో లిస్బన్ నాలుగు రోజులు: మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కుదిరే ఊరేనా?

కాకినాడ_కాజా
మ్యూనిక్‌లో ఉంటాను. అమ్మ మూడు నెలల కోసం నా దగ్గరికి వచ్చింది. పారిస్ చూపిస్తానంటే వద్దంది. స్విట్జర్లాండ్ అంటే "మంచు ఫోటోల్లో చూశాంలే" అంది. ఆవిడకి కావాల్సింది లిస్బన్ ఒక్కటే.

అమ్మ 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్. ఏటా వాస్కోడిగామా పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఆఫ్రికా గీసి, కింద నుంచి చుట్టి వచ్చేలా సుద్దముక్కతో చుక్కలు పెట్టుకుంటూ కాలికట్ దాకా తీసుకొచ్చేది. నేనూ ఆ క్లాసులో కూర్చున్నవాణ్ణే. "ఆ చుక్కలు ఎక్కడ మొదలయ్యాయో అక్కడ ఒకసారి నిలబడాలిరా" అంటోంది.

ఇబ్బందల్లా వయసు 64, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఎక్కడం కంటే దిగడం మరీ కష్టం. పైగా శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. లిస్బన్ అంటే ఏడు కొండల ఊరట, అన్నీ ఎగుడుదిగుళ్ళేనట. ఆఫీసులో ఒకతను "పెద్దావిడని తీసుకెళ్ళి బాధపెట్టకు" అన్నాడు. అక్టోబర్ రెండో వారం, నాలుగు రాత్రులు అనుకుంటున్నాను. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. నిజంగా అంత కష్టమా?

బెజవాడ_బుల్లోడు
కష్టమే బ్రో. మా నాన్నగారిని తీసుకెళ్ళాను. రెండో రోజుకే హోటల్ రూంలో కూర్చుండిపోయారు. ఆల్ఫామా అనే పాత పేట సందుల్లో మ్యాప్ 300 మీటర్లు అని చూపిస్తుంది, అందులో 200 మీటర్లు మెట్లే.

విశాఖ_వాన
కొండ ఒక్కటే కాదు, కాలిబాటలు కూడా. తెల్లవీ నల్లవీ చిన్న చిన్న సున్నపురాళ్ళు పేర్చి వేస్తారు. చూడ్డానికి ముగ్గేసినట్టు ఉంటుంది. వందేళ్ళకి పైగా జనం నడిచి నడిచి నున్నగా అయిపోయాయి, చినుకు పడిందంటే సబ్బు రాసినట్టే. అక్టోబర్లో వానలు మొదలవుతాయి. అమ్మగారికి మంచి రబ్బరు సోల్ ఉన్న బూట్లు కొనండి. చెప్పులతో మాత్రం వద్దు.

లిస్బన్_లలిత
ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. బుల్లోడు గారు చెప్పింది అబద్ధం కాదు కానీ ఆయన కొండని కింద నుంచి ఎక్కించినట్టున్నారు. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళతో ఒక్కటే సూత్రం: బండిలోనో లిఫ్టులోనో పైకెక్కాలి, చదునుగా నడవాలి, మళ్ళీ బండిలోనే దిగాలి. మా అత్తగారు 71 ఏళ్ళ వయసులో వచ్చి అలాగే తిరిగారు.

బస బైషాలో తీసుకోండి. రెండు కొండల మధ్య ఉన్న చదును నేల అది. వీధులు గళ్ళనోటుబుక్కు గీతల్లా సూటిగా ఉంటాయి, ఏటి ఒడ్డు దాకా ఎక్కడా ఎత్తు రాదు.

కొండ మీద ఉన్న పాత కోటకి వెళ్ళడానికి ప్రాసా ద ఫిగైరా కూడలి దగ్గర 737 బస్సు ఎక్కితే కోట ముంగిట్లోనే దింపుతుంది. లేదంటే బైషాలో రువా దుష్ ఫన్‌కైరుష్ వీధిలో మామూలు అపార్ట్‌మెంట్ గుమ్మంలా కనిపించే చోట లిఫ్ట్ ఉంది, మునిసిపాలిటీది, డబ్బులేం అక్కర్లేదు. పైన దిగి నాలుగడుగులు వేస్తే సూపర్ మార్కెట్ ఉన్న బిల్డింగులో రెండో లిఫ్ట్. ఈ రెండూ ఎక్కితే సగం కొండ అయిపోయినట్టే. మార్తిం మొనీజ్ కూడలి వైపు నుంచి అయితే వీధిలోనే ఎస్కలేటర్ పెట్టారు. మా వీధిలో ముసలివాళ్ళు కూరగాయల సంచులు పట్టుకుని రోజూ వీటి మీదే తిరుగుతారు.

బెజవాడ_బుల్లోడు
లలిత గారూ, ఈ లిఫ్టు సంగతి మాకెవరూ చెప్పలేదండీ. నాన్నగారితో పాటు నా మోకాళ్ళు కూడా బతికేవి.

నల్లగొండ_నడక
28వ నంబర్ ట్రాం ఎవరూ చెప్పలేదేంది? పసుపు రంగు పాత చెక్క ట్రాం, కొండంతా తిప్పి చూపిస్తుంది కదా.

విశాఖ_వాన
దయచేసి పగలు ఎక్కించకండి. నా పర్సు పోయింది అందులోనే. జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతుంటే వెనక జేబులోంచి ఎప్పుడు లాగారో తెలీదు. దిగాక టిష్యూ కోసం వెతికితే జేబు ఖాళీ. రెండు కార్డులు, 140 యూరోలు. పోలీస్ స్టేషన్లో కాగితం రాయించుకోవడానికి సగం పూట పోయింది.

లిస్బన్_లలిత
28 ఎక్కాలంటే పొద్దున్న ఎనిమిది లోపు మార్తిం మొనీజ్‌లో ఎక్కండి, అది మొదటి స్టాపు కాబట్టి కిటికీ సీటు దొరుకుతుంది. సంచి ఒళ్ళో పెట్టుకోమనండి. కొండ వాలుల మీద నడిచే ఫునిక్యులర్లని మాత్రం ప్లాన్‌లో పెట్టుకోకండి. 1885 నుంచి నడిచిన గ్లోరియా ఫునిక్యులర్ 2025 సెప్టెంబర్ 3న కేబుల్ తెగి కిందికి దూసుకొచ్చింది. 16 మంది పోయారు. నేను రోజూ ఆ మలుపు దాటే ఆఫీసుకి వెళ్తాను. పువ్వులు, కొవ్వొత్తులు చాలా రోజులు అలాగే ఉన్నాయి అక్కడ.

ఓరుగల్లు_పిల్ల
నాదొక మాట, తప్పుగా అనుకోకండి. ఆంటీ టీచర్ కాబట్టే అడుగుతున్నాను. అంత దూరం వెళ్ళి వాస్కోడిగామాకి దండం పెట్టి రావాలా? 1502లో రెండోసారి వచ్చినప్పుడు మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడని మలబార్ తీరంలో పట్టుకుని, సొమ్మంతా దోచుకున్నాక, లోపల ఆడవాళ్ళూ పిల్లలూ ఉండగానే నిప్పు పెట్టించాడు. వందల మంది కాలిపోయారు. ఇది మనవాళ్ళు కల్పించింది కాదు, ఆ ప్రయాణంలో ఉన్న పోర్చుగీసువాళ్ళే రాసిపెట్టారు. మన పాఠాల్లో మాత్రం "సముద్ర మార్గం కనుగొన్నాడు" అని ఒక్క ముక్క.

గోదారి_గట్టు
చూడ్డానికి వెళ్ళడం, దండం పెట్టడం ఒకటే కాదమ్మా. గోల్కొండ చూసినవాళ్ళందరూ ఔరంగజేబు భక్తులా?

ఓరుగల్లు_పిల్ల
అంకుల్, గోల్కొండలో ఔరంగజేబుకి రాతి సమాధి కట్టి పూజ్యుడిలా పడుకోబెట్టలేదు కదా. అక్కడ గామా సమాధి ఉన్న బెలెం పేటలో అంతా వాళ్ళ గొప్పే. ఏటి ఒడ్డున 52 మీటర్ల స్మారకం ఉంది, ఓడ ముక్కు ఆకారంలో. పోర్చుగల్‌ని ఏలిన సాలజార్ నియంతృత్వంలో కట్టించారు, 1960లో. మన తీరాలకి ఏం జరిగిందో అందులో ఒక్క రాయి కూడా చెప్పదు. చూడాలి, కానీ తెలిసి చూడాలి. అంతే నేననేది.

కాకినాడ_కాజా
ఓరుగల్లు చెల్లెమ్మా, నీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ అమ్మాయి చెప్పింది నిజం. మొదటి పదేళ్ళు నేనూ పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. తర్వాత 'కనుగొన్నాడు' అనడం మానేసి 'వచ్చాడు' అనేదాన్ని. పరీక్ష పేపర్లో మాత్రం 'కనుగొన్నది ఎవరు' అనే ఇచ్చేవాళ్ళు" అంది.

ఇంకో మాట కూడా చెప్పింది. అరేబియా సముద్రం దాటించింది గామా కాదట. ఆఫ్రికా తీరాన మాలిందిలో ఎక్కించుకున్న పైలట్ దారి చూపిస్తేనే ఇరవై మూడు రోజుల్లో దాటాడట. ఆ గాలుల లెక్క మనవాళ్ళకీ అరబ్బులకీ వందల ఏళ్ళుగా తెలిసిందే అంది.

ఓరుగల్లు_పిల్ల
ఆంటీకి నా నమస్కారం చెప్పండి. మాకు అలాంటి టీచర్ పడలేదు.

సివిల్_సుబ్బు
మీరంతా బెలెం దగ్గరే ఆగిపోయారు. లిస్బన్లో నన్ను కట్టిపడేసింది లలిత గారు చెప్పిన ఆ బైషానే. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని, కొంచెం పొడుగ్గా రాస్తాను.

1755 నవంబర్ 1, సర్వ పునీతుల పండగ. పొద్దున్న తొమ్మిదిన్నర దాటాక భూమి కదిలింది. జనమంతా చర్చిల్లో ఉన్నారు, కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. కప్పులు కూలాయి. ప్రాణాలు దక్కినవాళ్ళు ఖాళీ స్థలం కదా అని ఏటి ఒడ్డుకి పరిగెత్తారు. కాసేపటికి నీళ్ళు వెనక్కి పోయి, అలలై వచ్చి వాళ్ళ మీద పడ్డాయి. మిగిలిన ఊరుని మంటలు రోజుల తరబడి తిన్నాయి. పదుల వేల మంది చచ్చిపోయారు. రాజు జోసె ఎంత భయపడ్డాడంటే మళ్ళీ రాతి కప్పు కింద నిద్రపోలేదు, కొండ మీద చెక్క భవనంలో కాలం గడిపాడు.

మంత్రి పొంబాల్, ఆయన ఇంజనీర్లు ఊరుని మళ్ళీ కట్టిన తీరు చూడండి. గోడ లోపల చెక్కతో పంజరం అల్లారు, నిలువు, అడ్డం, ఏటవాలు కొయ్యలతో. గైయోలా అంటారు, పంజరం అనే అర్థం. నేల ఊగితే రాయి రాలినా పంజరం నిలబడాలి. నమూనా కట్టి, చుట్టూ సైనికులతో దబదబా కవాతు చేయించి పరీక్షించారు. భూకంపాన్ని తట్టుకునేలా లెక్కేసి ఒక ఊరి నడిబొడ్డునంతా కట్టడంలో ఇది ప్రపంచంలోనే తొలి ప్రయత్నాల్లో ఒకటి. నేల బురద కాబట్టి కింద పైన్ దుంగలు దిగ్గొట్టారు. నీళ్ళలో మునిగి ఉన్నంత కాలం ఆ కర్ర పుచ్చదు.

రువా దుష్ కొరియైరుష్ వీధిలో ఒక బ్యాంకు బిల్డింగు అడుగున తవ్వి ఆ దుంగలు చూపిస్తారు. అక్కడే రోమన్ల కాలపు చేపల ఊరవేత తొట్లు కూడా ఉన్నాయి. గైడుతో పాటు తీసుకెళ్తారు, టికెట్ లేదు. ముందే బుక్ చేసుకోవాలి.

ఇక కార్ము చర్చి. ఆ రోజు కప్పు కూలిపోతే మళ్ళీ వేయలేదు. రాతి ఆర్చీలు చేపముళ్ళలా ఆకాశంలోకి నిలబడి ఉంటాయి. నడిమధ్య గడ్డి. అక్కడ పది నిమిషాలు కూర్చుంటే ఆ పొద్దు ఎలా ఉండి ఉంటుందో అర్థమవుతుంది.

గోదారి_గట్టు
సుబ్బూ, భలే రాశావు. మా పిల్లాడు సివిల్ రెండో ఏడు, వాడికి పంపించాను. ఆల్ఫామా ఎలా మిగిలింది మరి?

సివిల్_సుబ్బు
గట్టి రాతి మీద ఉంది గురువుగారూ. బైషా ఒండ్రు నేల. ఒకే భూకంపం, వంద గజాల తేడాలో రెండు రకాల నేల. అందుకే ఆల్ఫామాలో ఇప్పటికీ ఆ పాత సందులే ఉన్నాయి. 1147కి ముందు అక్కడుండే ముస్లింల కాలం నాటి అల్లిక అది, ఆ పేరు కూడా అరబ్బీదే.

బందరు_బట్టలు
కాజా అన్నా, నీ పేరు చూసి ఒకటి గుర్తొచ్చింది. మాది టైలరింగ్ కుటుంబం. చొక్కాకి బొత్తాం దూర్చే కన్నాన్ని కాజా అంటాం కదా. అది పోర్చుగీసు మాట, కాజా అంటే వాళ్ళకి ఇల్లు, బొత్తాం ఉండే ఇల్లు కూడా. బొత్తాం కూడా వాళ్ళదే, బొతావుం. లిస్బన్లో బైషా వీధిలో బొత్తాలమ్మే చిన్న దుకాణంలోకెళ్ళి "బొత్తాం" అంటే ఆ తాతకి అర్థమైపోయింది. సొరుగులు సొరుగులు తీసి చూపించాడు. మా నాన్న ఫోన్లో వీడియో చూసి "అరే, మన మాటే" అని ఒకటే నవ్వడం.

కాకినాడ_కాజా
నా పేరు తినే కాజా తమ్ముడూ! కానీ ఇది మాత్రం అమ్మకి చెప్పాల్సిందే.

లిస్బన్_లలిత
ఇంకా బోలెడున్నాయి. అలమార వాళ్ళ అర్మారియు. మేస్త్రీ వాళ్ళ మెస్త్రె. తువాలు వాళ్ళ తుఆల్యా. పీపా అలాగే పీపా. పాదిరి, అనాస అంతే. సబ్బు కూడా.

గోదారి_గట్టు
సబ్బు విషయంలో ఒప్పుకోనమ్మా. అరబ్బీలో సాబూన్ ఉంది. అటు నుంచి వచ్చిందో ఇటు నుంచి వచ్చిందో తేల్చడం కష్టం. ఇస్త్రీ మీద కూడా తగువుంది. కాజా, అలమార, మేస్త్రీ అయితే సరే.

లిస్బన్_లలిత
ఒప్పుకున్నాను గురువుగారూ. మరి మన మాటలు ఇక్కడికి రావడం చూశారా? ప్రతి హోటల్లో కాంజ అని సూప్ ఉంటుంది, అన్నం మెతుకులేసిన పల్చటి సూపు. మన గంజే! మలయాళం కంజి నుంచి పట్టుకొచ్చారు. జ్వరమొస్తే ఇక్కడి అమ్మమ్మలు అదే పెడతారు. కాజా గారూ, మీ అమ్మగారికి మాత్రం పొరపాటున చెప్పకండి, అందులో కోడిమాంసం వేస్తారు. కాఫీ కొట్టు అద్దాల పెట్టెలో షముసా అని మూడు మూలల సమోసా ఉంటుంది, అది కూడా ఎక్కువగా మాంసమే.

బెజవాడ_బుల్లోడు
మరి ఆవిడ తినేదేంటి? వీళ్ళ ఊళ్ళో కూరగాయలు కూడా చేప నీళ్ళతోనే పెరుగుతాయనుకుంటా.

లిస్బన్_లలిత
భయపెట్టకండి ఆవిడని. వివరంగా చెప్తాను. "సెం కార్న్, సెం పైష్, సెం ఓవుష్" అంటే మాంసం, చేప, గుడ్డు వద్దు. ఇది కాగితం మీద రాసి చూపించండి. కాల్దు వెర్ద్ అని ఆకుకూర సూపు ఉంటుంది, కానీ పైన సాసేజి ముక్క వేస్తారు, అది లేకుండా అడగాలి. పాష్టెల్ ద నాటా అని అందరూ ఎగబడే ఆ తియ్యటి పేస్ట్రీ నిండా గుడ్డు సొనే. బెలెంలో 1837 నుంచి అమ్ముతున్న కొట్టు ఉంది, మీరు తినండి, ఆవిడకి పెట్టకండి. తెలీక తిన్నాక చెప్తే ఆవిడ మనసు పాడవుతుంది.

అన్నం కావాలంటే మార్తిం మొనీజ్. బంగ్లాదేశీ, నేపాలీ, ఇండియన్ కొట్లు వరసగా ఉంటాయి. కందిపప్పు, కరివేపాకు, చింతపండు అన్నీ దొరుకుతాయి. కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే సగం దిగులు తీరుతుంది. లుమియార్‌లో రాధాకృష్ణ మందిరం ఉంది, మొజాంబిక్ నుంచి వచ్చిన గుజరాతీలు కట్టుకున్నది. అక్కడి క్యాంటీన్లో శాకాహార భోజనం దొరుకుతుంది. వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

హోటల్లో కూర్చోగానే అడక్కుండానే రొట్టె, ఆలివ్ కాయలు, చీజ్ తెచ్చి పెడతారు. అవి ఊరికే కాదు, ముట్టుకుంటే బిల్లులో వేస్తారు. వద్దనుకుంటే వెంటనే తీసుకెళ్ళమనండి. హోటల్ గదికి మనిషికి రాత్రికి 4 యూరోల సిటీ టాక్స్ కూడా ఉంటుంది.

నల్లగొండ_నడక
ఆవకాయ సీసా చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకోండి. మూతకి టేపు రెండు చుట్లు. నా అనుభవం.

బందరు_బట్టలు
ఆవకాయ అంటే గుర్తొచ్చింది. మిరపకాయ కూడా ఆ ఓడల్లోనే వచ్చింది కదా, అమెరికా ఖండం నుంచి. దానికి ముందు మన వంటల్లో కారమంటే మిరియాలే. మిరియం లాంటి కాయ కాబట్టే మిరపకాయ. జీడిపప్పు, బొప్పాయి కూడా అంతే. వాళ్ళు మిరియాల కోసం వచ్చి మనకి మిరపకాయ అంటించి వెళ్ళారు.

గోదారి_గట్టు
బెలెంలో గామా సమాధి ఉన్న జెరోనిమోస్ మఠం కట్టిందే మన మిరియాల డబ్బుతో. తూర్పు నుంచి వచ్చే సరుకు మీద ఇరవయ్యో వంతు పన్ను దానికి రాసిచ్చాడు రాజు మనుయెల్. లోపల స్తంభాలు చూడండి, రాతిలో మోకులు, పగడాలు, ముళ్ళ తీగలు చెక్కారు. నేను 2019లో మా ఆవిడతో వెళ్ళాను. ఆవిడ ఒక స్తంభం మీద చెయ్యి వేసి "ఇది మన కేరళ వాళ్ళ పొలమండీ" అంది. ఇప్పటికీ ఆ మాట మర్చిపోలేను.

అన్నట్టు ఫోర్ట్ కొచ్చిలో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో నేల మీద గామా ఖాళీ సమాధి చూశాం. 1524 డిసెంబర్లో కొచ్చిలోనే పోయాడు. తర్వాత ఎముకలు పోర్చుగల్‌కి తెచ్చుకున్నారు. రెండు చివర్లూ చూశామన్నమాట.

విశాఖ_వాన
బెలెం టవర్ దగ్గర ఖడ్గమృగం బొమ్మ వెతకండి. గుజరాత్ సుల్తాను ఇచ్చిన ఖడ్గమృగాన్ని గోవా నుంచి ఓడలో ఎక్కించి 1515 మేలో లిస్బన్లో దింపారు. రోమన్ల తర్వాత ఐరోపా కంటపడిన మొదటి ఖడ్గమృగం అదే. ఏనుగుతో పోటీ పెడితే ఏనుగు పారిపోయింది. పాపం, మరుసటి ఏడు పోపుకి కానుకగా పంపుతుంటే ఇటలీ తీరంలో ఓడ మునిగి చచ్చిపోయింది, గొలుసులతో కట్టేశారు కాబట్టి ఈదలేకపోయింది. టవర్ బురుజు అడుగున దాని తల చెక్కి ఉంటుంది, బాగా అరిగిపోయింది. మా పాప అరగంట వెతికి కనిపెట్టింది.

లిస్బన్_లలిత
బెలెంకి వెళ్ళే దారి: కైష్ దు సొద్రే స్టేషన్లో కష్కైష్ లైన్ రైలెక్కితే ఏడెనిమిది నిమిషాలు. 15 నంబర్ ట్రాం కూడా ఉంది కానీ కిక్కిరిసి ఉంటుంది. సోమవారం మాత్రం వెళ్ళకండి, మఠం మూత. గామా సమాధి ఉన్నది చర్చి భాగంలో. దానికి టికెట్ లేదు, వరస కూడా వేరు. టికెట్ క్లోయిస్టర్‌కే, అంటే మఠం లోపలి వరండాల ముంగిలికే. ఇది తెలీక చాలామంది ఎండలో గంట నిలబడతారు.

ఒక సాయంత్రం మాత్రం ఏటి అవతలి ఒడ్డున ఉన్న కాసిల్యాస్‌కి వెళ్ళే ఫెర్రీకి ఉంచండి. కైష్ దు సొద్రే నుంచి పది నిమిషాలు, బస్సు కార్డుతోనే ఎక్కొచ్చు. మోకాళ్ళకి పని లేదు. ఊరు మొత్తం ఏటి మీద నుంచి కనిపిస్తుంది. లిస్బన్‌ని ఓడలో వచ్చినవాడు చూసినట్టు చూడాలి, ఇది ఓడల కోసం పుట్టిన ఊరు.

కాకినాడ_కాజా
అందరికీ చాలా చాలా థాంక్స్. టికెట్లు బుక్ చేశాను. బైషాలో కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్, లిఫ్ట్ ఉందని రెండుసార్లు అడిగి కన్ఫర్మ్ చేసుకున్నాను. వచ్చాక రాస్తాను.

నల్లగొండ_నడక
రాస్తానన్నోళ్ళు ఎవరూ రాయరు ఇక్కడ. మీరైనా రాయండన్నా.

కాకినాడ_కాజా
రాస్తున్నాను నడక అన్నా. నిన్న రాత్రే మ్యూనిక్ వచ్చాం.

మోకాళ్ళ సంగతి ముందు. లలిత గారి సూత్రం నూటికి నూరు పాళ్ళు పనిచేసింది. 737లో కోటకెక్కాం, రెండు లిఫ్టుల్లో దిగాం. కోటలో నెమళ్ళు ఉన్నాయి. ఒకటి అమ్మ పక్కనే బెంచీ ఎక్కి కూర్చుంది. ఆల్ఫామాలో ఒక్క సందు మాత్రం నడిచాం, అది చాలు అంది. ఒక పూట వాన పడింది. ఆ రాళ్ళ మీద అమ్మ నా మోచెయ్యి వదల్లేదు. విశాఖ గారూ, బూట్ల మాట చెప్పి పుణ్యం కట్టుకున్నారు.

తిండికి ఒక్క రోజే ఇబ్బంది పడ్డాం. కాగితం చూపించినా ఒక చోట సూపులో సాసేజి ముక్క వచ్చింది. అమ్మ చెంచా కింద పెట్టేసి ఏమీ అనలేదు. వడ్డించిన పిల్ల కంగారుపడి క్షమాపణ చెప్పి, పండ్లు కోసి తెచ్చి పెట్టింది, డబ్బులు తీసుకోలేదు. మిగతా రోజులు ఇంట్లోనే అన్నం, పప్పు, ఆవకాయ. సీసా కారలేదు.

కార్ములో సుబ్బు గారు చెప్పినట్టే కూర్చున్నాం. అమ్మ పైకి చూసి "తుఫానుకి కప్పులు లేచిపోయిన మన పాకలు గుర్తొస్తున్నాయిరా" అంది. 1996 తుఫాను మా వైపు వాళ్ళకి తెలుసు.

ఫెర్రీ మీద "ఇది ఏరా, సముద్రమా?" అని అడిగింది. టేజో నది అక్కడ అంత వెడల్పుంటుంది, గడ్డి సముద్రం అంటారట. "యానాం దగ్గర గోదారిలా ఉంది" అని అటూ ఇటూ చూస్తూ కూర్చుంది, ఒడ్డొచ్చినా లేవలేదు. మళ్ళీ అదే ఫెర్రీలో ఇంకోసారి తిరిగాం.

ఇప్పుడు అసలు సంగతి. చర్చిలో గామా సమాధి దగ్గర అమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. దండం పెట్టలేదు. రాతి మీద చెక్కిన ఓడని కాసేపు చూసింది. "170 మంది దాకా వెళ్తే తిరిగొచ్చినవాళ్ళు మూడో వంతేరా. మిగతావాళ్ళకి సమాధులు కూడా లేవు. ఆ కాలిన ఓడలోవాళ్ళకీ లేవు" అంది. ఓరుగల్లు చెల్లెమ్మా, ఇది నీకు చెప్పమంది.

తర్వాత ఏటి ఒడ్డుకి వెళ్ళాం. నువ్వు చెప్పిన స్మారకం ముందు నేల మీద పెద్ద దిక్సూచి ఉంటుంది, 50 మీటర్లు అడ్డంగా, రంగురాళ్ళతో. దాని నడుమ ప్రపంచ పటం, ఓడలు ఎప్పుడు ఎక్కడికి చేరాయో ఏడాదులతో సహా. పూర్తిగా చదును, ఒక్క మెట్టు లేదు. అమ్మ నా చెయ్యి వదిలేసి పోర్చుగల్ మీద నిలబడింది. అక్కణ్ణించి అడుగులో అడుగు వేసుకుంటూ ఆఫ్రికా పడమటి అంచు వెంట దిగింది. అడుగున మలుపు తిరిగింది. తూర్పు తీరం పైకొచ్చి ఒకచోట ఆగి "ఇక్కడే మాలింది, ఇక్కడ పైలట్ ఎక్కాడు" అని నాకు కాదు, పక్కన పటం మీద ఆడుకుంటున్న ఎవరో పిల్లలకి తెలుగులోనే చెప్పింది. వాళ్ళు ఆడుకోవడం ఆపి చూశారు. అరేబియా సముద్రం నాలుగడుగుల్లో దాటి మన పడమటి తీరం దగ్గర 1498 అని ఉన్న చోటికి చేరింది. అక్కడా ఆగలేదు. ఇంకో అడుగు వేసి మన కాకినాడ ఉండాల్సిన చోట నిలబడి "ఇప్పుడు ఫోటో తియ్" అంది.

ఆ ఫోటో రాత్రికి రాత్రే వాళ్ళ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద రాసింది: "మీ నోట్సుల్లో 'కనుగొన్నాడు' అని ఉంటే కొట్టేసి 'వచ్చాడు' అని రాసుకోండి." 1994 బ్యాచ్ నుంచి ఒకాయన వెంటనే "రాసుకున్నాను టీచర్" అని జవాబిచ్చాడు. ఆయన ఇప్పుడు విశాఖ పోర్టులో పనిచేస్తాడు.

ఓరుగల్లు_పిల్ల
ఆంటీని ఒకసారి కలవాలి నేను. ఇండియా ఎప్పుడొస్తున్నారు?

కాకినాడ_కాజా
డిసెంబర్ మొదటి వారం. నీ నంబర్ మెసేజ్‌లో పెట్టు, ఆవిడే చేస్తానంది.

గోదారి_గట్టు
బాబూ, వచ్చే వేసవిలో మా వియ్యపురాలు వాళ్ళు వెళ్తున్నారు. జూన్ బాగుంటుందా?

లిస్బన్_లలిత
జూన్ 12 రాత్రి, 13 సెయింట్ ఆంటోనీ పండగ గురువుగారూ. ఆల్ఫామా వీధివీధినా బొగ్గుల మీద సార్డీన్ చేపలు కాలుస్తారు, వాసన మూడో అంతస్తు దాకా వస్తుంది. శాకాహారులైతే ఆ రెండు రోజులు తప్పించి వెళ్ళమనండి. చేపలు తినేవాళ్ళైతే సరిగ్గా ఆ రెండు రోజులే వెళ్ళమనండి.

గోదారి_గట్టు
భీమవరం వాళ్ళమ్మా. ఆ రెండు రోజులకే బుక్ చేయమంటాను.